ఓడ కిరాయి ఒక్కటే చూసి లెక్క వేయకండి

ప్రశ్న: మేం కర్నూలు వాళ్లం. చాలా ఏళ్లుగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర ఉంటున్నాం. మా వారు ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరే మధ్యలో నాలుగు నెలలు ఖాళీ పెట్టుకుంటున్నారు. మా స్కార్పియో-ఎన్ డీజిల్ బండిని చెన్నైలో ఓడ ఎక్కించి, దుబాయ్‌లో దించుకుని, ఇరాన్, టర్కీ మీదుగా లండన్ దాకా నడపాలని ఆయన కోరిక. నేనూ, డిగ్రీ చదివే మా అమ్మాయీ మధ్యలో ఆరు వారాలు కలుస్తాం. ఒక ఏజెంటు ఓడ కిరాయి చెప్పాడు. వినడానికి తక్కువే అనిపించింది. ‘అంతేనా?’ అంటే ‘అంతే మేడమ్’ అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. కార్నెట్‌కి (బండిని సుంకం కట్టకుండా దేశాలు దాటించే కస్టమ్స్ పుస్తకం) బ్యాంక్ గ్యారంటీ కావాలంటున్నారు, బండి మీద చూస్తే ఇంకా లోన్ ఉంది. రో-రో మంచిదా, కంటైనర్ మంచిదా? అక్కడే బండి అద్దెకు తీసుకుంటే పోదా అని నేనంటే ఆయనకు కోపం. ఎవరి మాట రైటు? బండి ఇక్కడ లేని నెలలకు ఇన్సూరెన్స్ కట్టాలా?
— పేరు వద్దన్న పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ వారికి కోపం తెప్పించిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మిగతావన్నీ దాని తర్వాతే.

సొంత బండిని ఓడలో పంపితే ఖర్చులో పెద్ద భాగం మీరు పది రోజులు నడిపినా, నూట ఇరవై రోజులు నడిపినా మారదు. అద్దె బండికి రోజుల లెక్కన పెరుగుతుంది. ఆరు వారాల ప్రయాణానికి ఓడ ఎక్కించడం దండగ అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. మూడు నెలలు దాటి, నాలుగైదు దేశాల సరిహద్దులు దాటాలంటే లెక్క తిరగబడుతుంది. అద్దె కంపెనీలు తమ బండిని అన్ని దేశాలకూ వెళ్లనివ్వవు, ఒక ఊళ్లో తీసుకుని ఇంకో దేశంలో వదిలేస్తానంటే వాత పెడతారు. కాబట్టి మీరు వెళ్లే ఆరు వారాలకు మీ మాట రైటు, ఆయన వెళ్లే నాలుగు నెలలకు ఆయన మాట రైటు. ఒక్క షరతు. బండి సముద్రం మీద ఉండే రోజులు ఆ నాలుగు నెలల్లోంచి పోకూడదు. ఆయన ఇంకా ఆఫీసుకు వెళ్తుండగానే బండిని ఓడ ఎక్కించాలి. తిరిగొచ్చేటప్పుడూ అంతే, ఆయన విమానంలో వచ్చి కొత్త ఉద్యోగంలో చేరాక బండి వెనక నింపాదిగా వస్తుంది.

ఇక ఆ ‘అంతే మేడమ్’ సంగతి. నేను చెన్నైలో, రాజాజీ సాలై కస్టమ్ హౌస్ చుట్టుపక్కల చాలాకాలం ఎగుమతి కాగితాల పని చేసినవాణ్ని. తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి క్లియరింగ్ ఆఫీసుల్లో ఆ మాట రోజూ వినిపించేది. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. మీరు అడిగింది ఓడ కిరాయి, అతను చెప్పింది ఓడ కిరాయే. అందులో లేనివి చాలా ఉన్నాయి. ఇక్కడ కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, కంటైనర్‌లోకి బండి ఎక్కించి కట్టే ఖర్చు, పోర్టు టెర్మినల్ చార్జీలు ఒక పక్క. బండి దిగే రేవులో ఉండేవి అసలైనవి: అక్కడి టెర్మినల్ చార్జీలు, సరుకు అప్పగించమని షిప్పింగ్ లైన్ ఇచ్చే కాగితానికి డెలివరీ ఆర్డర్ ఫీజు, అక్కడి ఏజెంటు ఫీజు, కంటైనర్ విప్పే ఖర్చు. ఈ రెండో పక్కది ఇక్కడి ఏజెంటు చేతిలో ఉండదు కాబట్టి అతను నోరెత్తడు. బండి అక్కడికి చేరాక బేరమాడే అవకాశం మీకు ఉండదు, అది వాళ్లకు తెలుసు.

అందుకే కొటేషన్ అడిగేటప్పుడు ‘మా ఇంటి గేటు నుంచి అక్కడి పోర్టు గేటు బయటికి వచ్చేదాకా, ఒక్కో చార్జీ విడివిడిగా రాసివ్వండి’ అని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో వద్దు. దిగే రేవులో పని చేసే ఏజెంటు దగ్గర్నుంచి నేరుగా ఇంకో కొటేషన్ తెప్పించుకోండి. ఉచిత రోజులు ఎన్నో కూడా రాయించుకోండి. ఆ రోజులు దాటాక కంటైనర్ పోర్టులో ఉంటే డెమరేజ్, బయట మన దగ్గర ఉంటే డిటెన్షన్ అని రోజుకింత వేస్తారు. ఈ రోజువారీ మీటరే కుటుంబాల బడ్జెట్లను ముంచేది. ఒక సంతకం కోసం శుక్రవారం ఆగిపోయిన పని సోమవారానికి గానీ కదలదు, మధ్యలో మీటర్ మాత్రం ఆగదు.

కార్నెట్ గురించి కొంచెం నిదానంగా చెప్తాను, ఇక్కడే అందరికీ టెన్షన్. మీ బండి వేరే దేశంలోకి దిగుమతి సుంకం కట్టకుండా వెళ్లాలంటే ‘ఇది మళ్లీ బయటికి వెళ్తుంది’ అని ఎవరో పూచీ పడాలి. కార్నెట్ ఇచ్చే ఆటోమొబైల్ అసోసియేషన్ ఆ పూచీ పడుతుంది. బండి బయటికి రాకపోతే ఆ దేశపు కస్టమ్స్ సుంకాన్ని అసోసియేషన్ దగ్గర వసూలు చేస్తుంది, అసోసియేషన్ మీ దగ్గర వసూలు చేస్తుంది. అందుకే ముందే బ్యాంక్ గ్యారంటీ తీసుకుంటారు. ఆ మొత్తం బండి విలువ మీదా, మీరు రాసిచ్చే దేశాల జాబితా మీదా ఆధారపడుతుంది. అన్ని దేశాలకూ ఒకే శాతం ఉండదు. ఇరాన్, ఈజిప్ట్ లాంటివి భారీగా అడిగేవిగా పేరుపడ్డాయి. జాబితాలో ఒక్క భారీ దేశం ఉన్నా గ్యారంటీ మొత్తం దాని లెక్కకు పోతుంది. ‘ఎందుకైనా మంచిది’ అని వెళ్లని దేశాల పేర్లు కూడా రాయించేవాళ్లను చూశాను. అలా చేయొద్దు.

కార్నెట్ ఏడాది చెల్లుతుంది. పుస్తకంలో ఒక్కో పేజీ ఒక్కో దేశానికి. పేజీలో మూడు భాగాలుంటాయి. లోపలికి వెళ్లేటప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక భాగం చించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఇంకోటి. పుస్తకంలో మిగిలే మూడో భాగం మీద రెండు ముద్రలూ ఉండాలి. రాత్రిపూట సరిహద్దులో నిద్రమొహంతో ఉన్న గుమాస్తా బయటికి వెళ్లే ముద్ర మర్చిపోయాడనుకోండి, కాగితం ప్రకారం మీ బండి ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్టు. గ్యారంటీ విడిపించుకోవడానికి నెలలు తిరగాలి. ఆ ముద్ర పడిందో లేదో చూసుకునే పని అమ్మాయికి అప్పగించండి, పిల్లలు ఇలాంటివి మనకంటే జాగ్రత్తగా చూస్తారు. కింద ఆఫ్రికా దారి గురించి కూడా చెబుతాను కాబట్టి ఇక్కడే ఒక మాట: దక్షిణాఫ్రికా, నమీబియా, బోట్స్‌వానా, లెసోతో, ఎస్వతిని కస్టమ్స్ వరకు ఒకే కూటమి. వాటిలో మొదటి దేశంలోకి వెళ్లేటప్పుడూ, చివరి దేశం నుంచి బయటికి వచ్చేటప్పుడూ మాత్రమే కార్నెట్ పని.

ఎక్కడ అడగాలంటే, చెన్నై అన్నా సాలైలో ఉన్న ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఇండియా ఆఫీసుతో మొదలుపెట్టండి. ముంబైలో వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ కూడా ఈ వ్యవహారం చూస్తుంది. ప్రయాణానికి నాలుగైదు నెలల ముందే అడగాలి.

లోన్ ఉందన్నారు. ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నంతకాలం ఆ బండి మీద బ్యాంకుకూ హక్కు ఉంది. దేశం దాటించడానికి వాళ్ల నుంచి రాతపూర్వకంగా ఎన్ఓసీ కావాలి. బ్రాంచి మేనేజరుకు ఇలాంటి ఉత్తరం ఇచ్చిన అనుభవం ఉండదు, పైవాళ్లకు పంపుతాడు, వారాలు గడుస్తాయి. మిగిలింది కొద్దిగానే అయితే లోన్ తీర్చేసి ఆర్సీలో బ్యాంకు పేరు (హైపోథికేషన్) తీయించేయడం మేలు. గ్యారంటీకి డబ్బు కట్టేయాల్సిన సమయంలో ఇది కూడానా అని మీ వారు అంటారు. అయినా అదే మేలు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంకో తలనొప్పి ఉంది, ఇంటిపేరు. ఆర్సీలో ‘వి. రమేష్ బాబు’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, లైసెన్సులో పేరు తర్వాత ఇంటిపేరు పొడి అక్షరం. మనకు ముగ్గురూ ఒకడే. పరాయి దేశపు రేవులో కూర్చున్న ఆఫీసరుకు ముగ్గురు మనుషులు. ఆర్సీ, పాస్‌పోర్టు, లైసెన్సు, కార్నెట్, ఓడ వాళ్లిచ్చే సరుకు రసీదు బిల్ ఆఫ్ లేడింగ్, అన్నింటిలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కూడా. బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్ట్ పంపినప్పుడు ఏజెంటు ‘అర్జెంట్‌గా ఓకే చెప్పండి’ అంటాడు. అరగంట తీసుకుని, ఇద్దరూ కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూడండి. ఓడ కదిలాక సవరణకు డబ్బు కట్టాలి, టైమూ పోతుంది.

రో-రోనా, కంటైనరా? రో-రో అంటే బండిని నేరుగా ఓడలోకి నడిపించి నిలబెట్టడం. చెన్నై పోర్టు, ఎన్నూరు కామరాజర్ పోర్టుల నుంచి ఫ్యాక్టరీ కార్లు ఇలాగే వేలల్లో వెళ్తాయి. కానీ ఆ ఓడలు ఫ్యాక్టరీల కోసం నడిచేవి. ఒక్క సొంత బండికి చోటు దొరకడం కష్టం. దొరికినా తాళం అప్పగించాలి, బండిలో సామాను పెట్టనివ్వరు, దారిలో ఎవరెవరు ఎక్కి దిగుతారో తెలియదు. నా ఓటు కంటైనర్‌కే. మీరు చూస్తుండగా తలుపులు మూసి సీలు వేస్తారు. ఆ సీలు నంబరు ఫొటో తీసి పెట్టుకోండి.

ఇరవై అడుగుల కంటైనర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. మీ బండి పొడవు దాదాపు 4.7, వెడల్పు 1.9 మీటర్లు. పడుతుంది, కానీ ఇరుపక్కలా మిగిలేది జానెడే. లోపల డోరు తెరుచుకోదు, నడిపినవాడు కిటికీలోంచో వెనక డోరులోంచో బయటపడాలి. పైన టెంటు బిగించే ఆలోచన ఉంటే ముందు టేపు పెట్టి ఎత్తు కొలవండి. అదే పనిగా వెళ్లే ఇంకో కుటుంబం దొరికితే నలభై అడుగుల దాంట్లో రెండు బండ్లు పడతాయి, ఖర్చు బాగా తగ్గుతుంది. ఆ రెండో కుటుంబం కాగితాలు ఆగితే మీ బండి కూడా ఆగుతుందని గుర్తుంచుకుని ఒప్పుకోండి.

ట్యాంకులో డీజిల్ పావుకంటే తక్కువ ఉండాలి. గ్యాస్ సిలిండర్, స్టవ్ క్యాన్లు పెట్టకూడదు. బ్యాటరీ తీగ తీసేస్తారు. తీసేశాక రిమోట్ పనిచేయదు, కాబట్టి రిమోట్‌లో దాగి ఉండే మామూలు తాళంచెవి ఎలా వాడాలో ఇక్కడే నేర్చుకుని, తీగ బిగించే స్పానర్‌ను చేయి అందే చోట పెట్టండి. చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మెలు వేడి చేసి ముద్ర వేసినవే అయి ఉండాలి. ముద్ర లేని చెక్క కనిపిస్తే కొన్ని దేశాల్లో మొత్తం కంటైనర్‌ను ఆపేస్తారు.

వైట్‌ఫీల్డ్‌లో ఇంటి పక్కనే కంటైనర్ డిపో ఉంది కదా, అక్కడే కస్టమ్స్ ముగించి రైల్లో చెన్నై పంపొచ్చు కదా అని మీ వారు అంటారు. దారి ఉంది. అయినా బండిని చెన్నై దాకా నడిపించుకుని రావడమే మంచిదనుకుంటాను. కార్నెట్ మీద సొంత బండి వెళ్లడం అరుదైన కేసు. ఆఫీసరు ఏదైనా అడిగితే అరగంటలో జవాబు పట్టుకుని వెళ్లగల బ్రోకర్ కావాలి. అంతకుముందు కార్నెట్ బండి పంపిన అనుభవం ఉందా అని అడిగి, ఆ పాత షిప్పింగ్ బిల్ (కస్టమ్స్‌లో దాఖలు చేసే ఎగుమతి కాగితం) చూపించమనండి. మీ బండి షిప్పింగ్ బిల్ కాపీ మాత్రం జాగ్రత్త. తిరిగొచ్చినప్పుడు వెళ్లిన బండే వచ్చిందని చాసిస్ నంబరుతో రుజువు చూపకపోతే, వాడిన కారు దిగుమతి కింద వేసే సుంకం బండి ఖరీదునే మించుతుంది.

సముద్రపు ఇన్సూరెన్స్ లేకుండా పంపకండి. ఇది బండి పాడైతే డబ్బు రావడం కోసం మాత్రమే కాదు. ఓడ ఆపదలో పడినప్పుడు దాన్ని కాపాడటానికి అయిన ఖర్చును ఆ ఓడలో సరుకున్న వాళ్లందరి మీదా పంచే పాత సముద్ర నియమం ఒకటుంది, జనరల్ యావరేజ్ అంటారు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కున్న ఎవర్ గివెన్ ఓడ యజమానులు అదే ప్రకటించారు. అలాంటప్పుడు మీ సరుకుకు గీత కూడా పడకపోయినా, మీ వాటాకు హామీ ఇచ్చేదాకా కంటైనర్ ఇవ్వరు. ఇన్సూరెన్స్ ఉంటే ఆ గొడవ కంపెనీ చూసుకుంటుంది. పాలసీలో ‘ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజ్’ ఏ, బీ, సీ అని మూడు రకాలు. ‘ఏ’ విస్తృతమైనది. వాడిన బండికి ‘సీ’ అంటగట్టాలని చూస్తారు, అడిగి తీసుకోండి.

ఇప్పుడు దారి. ఇక్కడ మీ వారితో నాకు పేచీ ఉంది. పడమటికి భూమి మీద పాకిస్తాన్ దారి మనకు లేదు, అందుకే అందరూ దుబాయ్ రేవు, ఇరాన్ అంటారు. 2025 జూన్‌లో జరిగిన యుద్ధం తర్వాత ఇరాన్ మీద ఆధారపడి, భార్యాబిడ్డలతో, వెనక్కి తిరగడానికి ఇంకో దారి లేని ప్లాన్ వేయొద్దంటాను. గ్యారంటీని పెంచేదీ ఆ దేశమే. యూరప్‌లో కార్నెట్ అడగరు, నిజమే. కానీ షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండొచ్చు, రోడ్డుకు కుడిపక్క నడపాలి, మన స్టీరింగ్ కూడా కుడివైపే. ముందున్న లారీని దాటాలంటే పక్కన కూర్చున్న మీరు ‘ఆగండి, ఇప్పుడు పోనివ్వండి’ అని చెప్తూ ఉండాలి. ఆరు వారాలు ఆ ఉద్యోగం మీకు ఇష్టమేనా? పైగా 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల యూరప్ ఓడలు చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి. నేరుగా ఇంగ్లండ్‌కు పంపినా వారాలు అదనంగా పట్టొచ్చు.

నేనైతే మొంబాసాలో దించుకుని కేప్‌టౌన్ దాకా నడుపుతాను. కెన్యా, టాంజానియా, జాంబియా, బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికా అన్నీ మనలాగే ఎడమపక్క నడిపే దేశాలు. కార్నెట్ ఉంటే సరిహద్దు పని సులువు. మహీంద్రా దక్షిణాఫ్రికాలో బాగా తెలిసిన బండి, విడిభాగాల భయం తక్కువ. తూర్పు ఆఫ్రికాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, జూన్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. మే మొదట్లో చెన్నైలో బండి అప్పగిస్తే సరిపోతుంది. చాలాసార్లు కంటైనర్ దారిలో కొలంబో లాంటి రేవులో ఓడ మారుతుంది, ఆ ఆలస్యానికి రెండు వారాలు చేతిలో ఉంచుకోండి. మొంబాసాలో ఓడ చేరే తేదీ ఖాయమయ్యాకే విమానం టికెట్ కొనండి. నైరోబీలో దిగితే అక్కడి నుంచి మొంబాసాకు 2017లో మొదలైన రైలు ఉంది, ఆరు గంటల లోపు ప్రయాణం. తిరుగు ఓడ దర్బన్ నుంచి చూసుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో తుపాన్ల కాలం. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు పోర్టు పని ఆగిపోయింది. ఆ నెలల్లో బండి దిగేలా ఉంటే ఇక్కడా ఆలస్యానికి సిద్ధంగా ఉండండి.

ఆ దారికి రెండు జాగ్రత్తలు. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర దొరుకుతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) మించదు. తూర్పు ఆఫ్రికా దేశాల ప్రమాణం 50. మారుమూల బంకుల్లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు. మీ కొత్త ఇంజిన్ పొగగొట్టంలోని ఫిల్టర్ దీనికి ఎంతవరకు ఓర్చుకుంటుందో, పొగను శుభ్రం చేయడానికి పోసే డీఈఎఫ్ ద్రవం అవసరమైతే ఎక్కడ దొరుకుతుందో సేల్స్ కుర్రాణ్ని కాకుండా సర్వీస్ సెంటర్ ఇంజనీరును అడగండి. రెండోది పచ్చజ్వరం టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా పచ్చజ్వరం ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెడతారు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది, ఆర్టీఓ ఇస్తుంది, పెద్ద కష్టం లేదు. లైసెన్స్ ఇంకా కర్నూలుదే అయితే ఎక్కడ అప్లై చేయాలో ముందే కనుక్కోండి. ఆవకాయ సీసాలు బండిలో పెట్టి సీలు వేయించకండి. సామాను జాబితాలో లేనిది దొరికితే జవాబు చెప్పలేక చావాలి, పైగా వేసవిలో మూసిన ఇనుప పెట్టెలో అన్ని వారాలు! కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, జరిమానా గట్టిగా ఉంటుంది. మనం పొట్లాలు కట్టే క్యారీ బ్యాగులన్నీ ఇంట్లోనే వదిలేయండి.

ఇన్సూరెన్స్ అడిగారు. ఇక్కడి మోటార్ పాలసీ ఆ దేశాల్లో పనికిరాదు. అక్కడ సరిహద్దుల్లో వేరే కొనాలి. తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో కొన్ని దేశాలకు కలిపి పనికొచ్చే కోమెసా ఎల్లో కార్డ్ ఉంది, కెన్యాలోనే అడగండి. అయినా ఇక్కడిది ఆపకండి. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే ఇన్నేళ్ల నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చెన్నై రేవులో దిగిన బండిని బెంగళూరు దాకా నడపడానికి పాలసీ ఎలాగూ కావాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు కూడా ఆ తేదీకి చూసుకోండి.